చిన్న పట్టణాల పార్కులు, ఆరుబయలు ప్రదేశాలు: ఏవి చూడాలి, ఎలా చూడాలి

బాటసారి:
సభ్యులందరికీ నమస్కారం. మహానగరాల ఉద్యానవనాల గురించి కావలసినంత సమాచారం దొరుకుతుంది కానీ, చిన్న పట్టణాల సంగతికి వచ్చేసరికి పటంలో ఒక పచ్చని మచ్చ, దాని పక్కన నాలుగు నక్షత్రాలు, ‘బాగుంది’ అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ కనిపించదు. ప్రయాణంలో ఒక పూట ఖాళీ దొరికినప్పుడు, వృద్ధులైన తల్లిదండ్రులను, బడి ఈడు పిల్లలను వెంటబెట్టుకుని అటువంటి చోటికి వెళ్లాలంటే ఏది వెళ్లదగినదో, ఏ వేళకు వెళ్లాలో, అక్కడ చూడవలసినది ఏమిటో ముందుగా తెలుసుకునే మార్గం ఉందా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతదారి:
బాటసారి గారూ, మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ పార్కు అక్కడే ఎందుకు ఉంది? పట్టణంలో ఖాళీ స్థలం ఊరికే మిగిలిపోదు. పల్లపు నేల కావడం వల్లనో, రాయి తీసేసిన గొయ్యి కావడం వల్లనో, రైళ్లు ఆగిపోయిన దారి కావడం వల్లనో, ఒక దాత ఇచ్చిన తోట కావడం వల్లనో, తాగునీటి జలాశయానికి అంచు కావడం వల్లనో అది ఇళ్ల పాలు కాకుండా మిగిలి ఉంటుంది. ఆ కారణం తెలిస్తే అక్కడ ఏం చూడాలో దాదాపు తెలిసినట్లే.

ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పార్కునే తీసుకోండి. 1847లో ప్రజాధనంతో ప్రారంభమైన ఆ పార్కు ఒకప్పుడు బురద నేల. రూపకర్త జోసెఫ్ పాక్స్టన్ నీరు దిగడానికి చెరువులు తవ్వించి, ఆ మట్టితోనే దిబ్బలు పోయించాడు. ఈ సంగతి తెలియని సందర్శకునికి అవి ఒక చెరువు, ఒక గుట్ట మాత్రమే. తెలిసినవానికి ఆ గుట్ట ఆ చెరువులోంచే పుట్టిందని కనిపిస్తుంది. 1850లో ఆ పార్కును చూసి ముగ్ధుడైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆ తరువాత న్యూయార్కులోని సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకడయ్యాడు.

దానికి ముందే, 1840లో, ఇంగ్లండులోనే డెర్బీ పట్టణంలో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని దానమిచ్చిన 11 ఎకరాల స్థలంలో జాన్ క్లాడియస్ లౌడన్ ఒక వృక్షవాటికను రూపొందించాడు. స్థలం చిన్నది, చదునైనది. ఒక దారిలో నడిచేవారికి పక్క దారిలోని వారు కనిపిస్తే అది మరింత చిన్నదిగా తోస్తుంది. అందుకని దారుల మధ్య మట్టి దిబ్బలు పోయించి, చెట్లకు పేరు పలకలు పెట్టించాడు. చిన్న పార్కులో దారి ఉత్తపుణ్యానికి వంకర తిరిగినట్లు అనిపించినప్పుడు, అక్కడ నిలబడి ఏది కనిపించడం లేదో గమనించండి.

పచ్చిక:
పాతదారి గారి మాటలు బాగున్నాయి కానీ, చిన్న పట్టణాల్లో ఎక్కువ భాగం పార్కులకు పాక్స్టనూ లౌడనూ దొరకలేదన్నది కూడా నిజమే కదా? నీళ్లు ఎండిపోయిన ఫౌంటెన్, తాళం వేసిన మరుగుదొడ్డి, రంగు వెలిసిన సిమెంటు జింక, చెవులు చిల్లులు పడే లౌడ్‌స్పీకరు: అనేక చోట్ల సందర్శకునికి దక్కేది ఇంతే. అటువంటి వాటికి కూడా చరిత్ర వెతికి గౌరవం అంటగట్టడం కంటే, పేరున్న పెద్ద ప్రదేశానికి మరో గంట ప్రయాణించి వెళ్లడం మేలు కాదా?

పాతదారి:
పచ్చిక గారూ, బాగాలేని పార్కులు లేవని నేను అనను. అయితే సిమెంటు జింక ఉన్న పార్కులోనే ఆ జింకను ప్రతిష్ఠించడానికి చాలా ముందు నాటిన చెట్టు ఉండవచ్చు. పట్టణం పెరిగినకొద్దీ వీధుల్లోని పెద్ద చెట్లు రోడ్ల వెడల్పుకు బలవుతుంటాయి; పార్కు ప్రహరీ లోపలివి మాత్రం తరచు బతికిపోతాయి. పెద్ద ప్రదేశానికి వెళ్లినవారు అక్కడి ముఖ్య దృశ్యం కోసం వరుసలో నిలబడతారు. చిన్న పార్కుకు వెళ్లినవారు చూడదగినదేదో తామే వెతుక్కోవాలి. ఈ రెండోది అందరికీ రుచించదు, అందులో తప్పేమీ లేదు. మీకు రుచించకపోతే నిస్సంకోచంగా ఆ గంట ప్రయాణం చేయండి.

రాయి తీసిన గొయ్యి, రైలు దారి అన్నాను కనుక రెండు ఉదాహరణలు ఇచ్చి ముగిస్తాను. కెనడాలో విక్టోరియా నగరం దగ్గరి బ్రెంట్‌వుడ్ బే వద్ద సున్నపురాయి తవ్వి వదిలేసిన గొయ్యిని జెన్నీ బుచార్ట్ అనే ఆమె తోటగా మార్పించింది. ఆ ఆవరణలో మొక్కల పెంపకం 1904లో మొదలైంది. ఈనాడు లోతట్టు తోటగా పేరొందిన ఆ భాగంలో పూల మడుల చుట్టూ నిలువుగా లేచిన గోడలు రాయి తీయగా మిగిలిన అంచులే. ఇక న్యూజిలాండులో మిడిల్‌మార్చ్ నుంచి క్లైడ్ వరకు, పట్టాలు తీసేసిన రైలు మార్గాన్ని 2000 సంవత్సరంలో సుమారు 150 కిలోమీటర్ల సైకిలు, నడక దారిగా ప్రారంభించారు. దారి పొడవునా ఉన్నవి చిన్న ఊళ్లే, వాటికి ఆ దారే ఇప్పుడు పెద్ద ఆకర్షణ.

మెల్లగా:
రైలు మార్గాల ప్రస్తావన వచ్చింది కనుక బాటసారి గారి తల్లిదండ్రుల విషయం ఇక్కడే చెబుతాను. నిటారుగా ఉన్న ఎత్తును రైలు ఎక్కలేదు కనుక పాత రైలు దారుల వాలు చాలా స్వల్పంగా, మలుపులు నెమ్మదిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న వారికి, చక్రాల కుర్చీ వాడేవారికి, పసిపిల్లల బండి తోసుకుని వెళ్లేవారికి ఇంతకంటే అనువైన దారి అరుదు. అలాగే జలాశయాల కట్టలు కూడా పైకి చేరిన తరువాత చదునుగానే ఉంటాయి. ఇబ్బంది అంతా కట్ట ఎక్కే మెట్ల దగ్గరే.

మామూలు పార్కుకు వెళ్లేముందు నేను ఉపగ్రహ చిత్రంలో కొన్ని సంగతులు చూస్తాను. వాహనం ఆగే చోటికీ మొదటి నీడకూ మధ్య దూరం ఎంత, దారి గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుందా లేక వెళ్లినంత దూరం వెనక్కి నడవాలా అన్నవి ముఖ్యమైనవి. అలసిన వ్యక్తికి గుండ్రని దారి కంటే, ఎక్కడనుంచైనా వెనుదిరగగల దారే మేలు. ఎందుకంటే గుండ్రని దారిలో సగం దూరం చేరేసరికి ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా శ్రమలో తేడా ఉండదు. ఉపగ్రహ చిత్రంలో తెలియనివి ఫొటోలలో దొరుకుతాయి. ప్రవేశద్వారం వద్ద తిరిగే ఇనుప గేటు ఉంటే చక్రాల కుర్చీ లోపలికి వెళ్లదు. పక్క గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందే ఫోను చేసి కనుక్కోవాలి. ర్యాంపు ఉన్నదని రాసినంత మాత్రాన సరిపోదు: ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉంటేనే అది చక్రాల కుర్చీకి పనికివస్తుంది, అంతకంటే నిటారుగా ఉన్నది పేరుకే ర్యాంపు.

బెంచీల విషయంలో చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. చేతులు ఆనించే పట్టీలు లేని బెంచీ మీద కూర్చున్న వృద్ధులు లేవడానికి ఎంతో అవస్థ పడతారు. చేతిపట్టీలు, వీపు ఆనించే పలక ఉన్న బెంచీ నీడలో ఒకటి ఉన్నా చాలు, మిగిలిన కుటుంబం ఎంతసేపు తిరిగినా వారు హాయిగా అక్కడ ఉండగలరు. నా దృష్టిలో పార్కు నాణ్యతకు ఫౌంటెన్ కంటే ఈ బెంచీయే మంచి కొలమానం.

పిట్టగూడు:
వేళ గురించి ఎవరూ చెప్పలేదు. సూర్యోదయానికి కొంచెం ముందు నుంచి ఆ తరువాత గంటన్నర వరకు పక్షులు ఎక్కువగా కూస్తాయి. అప్పుడు గాలి నిశ్చలంగా, పరిసరాలు నిశ్శబ్దంగా ఉండడంతో ఆ కూతలు దూరం వరకు వినిపిస్తాయి కూడా. ఎండ ముదిరిన తరువాత అదే పార్కుకు వచ్చినవారు ఇక్కడ పక్షులే లేవని రాసి వెళ్లిపోతారు. తెల్లవారుజామున రావడం వీలు కానివారికి సాయంత్రం రెండో అవకాశం. ముఖ్యంగా కొంగలు, గోరింకలు గూటి చెట్లకు చేరుకునే వేళ నీటి పక్కన ఉండాలి.

పార్కు మధ్యలోని పచ్చిక కంటే దాని అంచులను చూడండి. చెట్లు ముగిసి గడ్డి మొదలయ్యే చోట, గడ్డి ముగిసి రెల్లు మొదలయ్యే చోట, రెల్లు ముగిసి నీరు కనిపించే చోట జీవులు ఎక్కువగా ఉంటాయి. అటువంటి ఒక అంచున కదలకుండా పావుగంట కూర్చుంటే, మీ రాకతో దాక్కున్నవి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. తిరుగుతూ చూసేవారికి ఎప్పటికీ కనిపించేవి పారిపోతున్న తోకలే.

ముందుగా సమాచారం కావాలంటే ఈబర్డ్ అనే వెబ్‌సైటు ఉంది. 2002 నుంచి పనిచేస్తున్న దానిలో ఏ చెరువు దగ్గర ఏ నెలలో ఏ పక్షులు కనిపించాయో పరిశీలకులు నమోదు చేస్తారు, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పర్యాటక పుటల్లో ఊసే లేని పట్టణానికి కూడా ఇందులో పెద్ద జాబితా ఉండడం నేను తరచు చూస్తుంటాను. చెట్లకు, పురుగులకు, పూలకు ఐనాచురలిస్ట్ ఇటువంటిదే. ఒక మనవి: బాతులకు రొట్టె ముక్కలు వేయకండి. వాటికి అది సరైన ఆహారం కాదు, తినగా మిగిలినది నీటిలో కుళ్లి నాచు పెరగడానికి కారణమవుతుంది.

బాటసారి:
ఎంతో ఉపయోగకరంగా ఉంది. చెట్ల గురించి ఇంకొంచెం చెప్పగలరా? పేరు పలకలు లేని చోట పిల్లలకు ఏం చూపించాలి?

పిట్టగూడు:
నిద్రగన్నేరు ఉంటే సాయంత్రం దాని కిందే ఉండండి. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన ఆ చెట్టును నీడ కోసం ఉష్ణమండల దేశాలన్నిటా నాటారు. చీకటి పడుతుండగా దాని ఆకులు జతలుగా ముడుచుకుంటాయి. పిల్లలు ఒక కొమ్మను ఎంచుకుని పదే పదే చూస్తే తేడా తెలుస్తుంది. మబ్బు కమ్మినప్పుడు కూడా ముడుచుకోవడం కనిపిస్తుంది. ఇక పెద్ద చెట్టు చుట్టుకొలత తీసుకోవడం పిల్లలు ఎంతో ఇష్టపడే పని. నేల నుంచి సుమారు 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి కొలవడం అటవీ శాఖల వారి పద్ధతి. ఆ కొలత నుంచి వయసు లెక్కగట్టే సూత్రాలు చలి దేశాల చెట్లను చూసి తయారుచేసినవి, వాటిని అన్ని చోట్లా వాడడానికి లేదు. ఋతువుల మధ్య తేడా తక్కువగా ఉండే ఉష్ణమండలంలో చాలా చెట్లకు ఏటికొక స్పష్టమైన వలయం కూడా ఏర్పడదు. వయసు కోసం తోటమాలిని అడగడం మేలు. ఏ చెట్టు ఎప్పుడు నాటారో, ఏ చెట్టు మీద పిడుగు పడిందో ఆయనకు తెలిసినంతగా ఏ పలకా చెప్పదు.

కట్టమీద:
నీటి దగ్గరి జాగ్రత్తలు చెప్పకుండా ఈ చర్చ సాగడం నాకు నచ్చలేదు. చిన్న పట్టణాల్లో ఆరుబయలు ఆకర్షణ అంటే చాలాసార్లు ఒక చెరువో, వాగు మీద కట్టిన చిన్న ఆనకట్టో అవుతుంది. అక్కడ కాపలాదారు ఉండడు, హెచ్చరిక పలక ఉన్నా అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మనిషి ఎత్తు కూడా లేని ఆనకట్ట మీదుగా నీరు నున్నగా జారిపడుతుంటే పిల్లలకు అది ఆటస్థలంలా కనిపిస్తుంది. కానీ కింద పడిన నీరు పైకి లేచి మళ్లీ ఆనకట్ట వైపే తిరుగుతుంటుంది. అందులో చిక్కినవారిని ఆ సుడి లోపలికి లాగి, పైకి తేల్చి, మళ్లీ లోపలికి లాగుతుంది. గజ ఈతగాళ్లు కూడా బయటపడలేకపోవడానికి కారణం అదే. ఎవరైనా చిక్కుకుంటే వెంట దూకకుండా, ఒడ్డున ఉండే తాడో పొడవైన కర్రో అందించి, వెంటనే సహాయక బృందాన్ని పిలవాలి. చెరువు నీరు చిక్కని ఆకుపచ్చ రంగుకు తిరిగి పైన పెచ్చులాగా తేలుతుంటే అందులో చేతులు పెట్టనివ్వకండి, పెంపుడు కుక్కను తాగనివ్వకండి. ఆ నాచులో కొన్ని రకాలు విషపూరితమైనవి.

ఉరుముల విషయం కూడా ఇక్కడే చెబుతాను. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించే వరకు లెక్కపెడితే, సుమారు 3 సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. 30 సెకన్ల లోపు ఉరుము వినిపించిందంటే పిడుగు మీ వరకు రాగల దూరంలోనే ఉంది. అప్పుడు చెట్టు కిందికి గానీ, గోడలు లేని పార్కు మండపంలోకి గానీ వెళ్లకూడదు. పక్కా భవనంలోకి, లేదా అద్దాలు మూసిన కారులోకి వెళ్లాలి. చివరి ఉరుము వినిపించిన తరువాత అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు.

వెన్నెల:
చిన్న పట్టణాలకు ఉన్న ఒక గొప్ప ఆకర్షణను అందరూ మరచిపోయారు, అది చీకటి. నగరపు దీపాల కాంతి చేరని చోట పాలపుంత కంటికే కనిపిస్తుంది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం ఈ సంగతిని ముందే గుర్తించి, 1958లోనే ఆకాశంలోకి వేసే సెర్చిలైట్లను నిషేధించింది; 1930లో ప్లూటోను కనుగొన్న లోవెల్ వేధశాల ఉన్నది ఆ పట్టణంలోనే. 2001లో ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ చీకటి ఆకాశ నగరంగా గుర్తింపు కూడా దానికే దక్కింది.

అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులను ఎంచుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి కనీసం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ శ్రమంతా వృథా. తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టిన టార్చి వాడండి. పార్కు మూసే వేళ దాటిన తరువాత గోడ దూకి వెళ్లమని నేను చెప్పడం లేదు. ఊరి బయటి మైదానానికి అక్కడివారి అనుమతితో, నలుగురు కలిసి వెళ్లడం మంచిది.

పచ్చిక:
నేను మొదట విముఖంగా మాట్లాడినా ఈ చర్చ చదువుతున్నకొద్దీ ఆసక్తి కలుగుతోంది. అయితే మరో సందేహం. మనం ఇక్కడ ఇంత మురిపెంగా చెప్పుకుంటున్న చోట్లను ఫొటోలతో సహా ప్రచారం చేస్తే అవి మిగులుతాయా? కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ పట్టణం పక్కన వాకర్ కాన్యన్ కొండలు 2019 వసంతంలో నారింజ రంగు గసగసాల పూలతో నిండిపోయాయి. ఆ ఫొటోలు పాకడంతో వచ్చిన జనం తాకిడికి దారులు స్తంభించి, పూలు కాళ్ల కింద నలిగి, పట్టణం వారు కొంతకాలం ప్రవేశాన్నే ఆపవలసి వచ్చింది. 2023లో పూలు మళ్లీ విరగబూసినప్పుడు ఆ చోటును పూర్తిగా మూసేశారు. అదే సంవత్సరం, వెయ్యి మంది కూడా లేని ఆస్ట్రియా ఊరు హాల్‌స్టాట్‌లో, ఫొటోల కోసం ఎగబడే చోట అడ్డంగా చెక్క కంచె కట్టి, విమర్శలు రావడంతో తీసేశారు.

పాతదారి:
ఈ ప్రశ్నకు అందరికీ వర్తించే సమాధానం లేదు. నా వరకు నేను రెండు రకాల చోట్లను వేరుచేసి చూస్తాను. ఉపయోగించేవారు లేక పురపాలక సంఘం నిర్లక్ష్యం చేస్తున్న పార్కుకు సందర్శకులు పెరగడం మేలే; మనుషులు తిరిగే పార్కుకే దీపాలు, మరమ్మతులు వస్తాయి. గూళ్లు కట్టే చెట్టు, పల్చటి మట్టి మీద పూచే కొండవాలు, ఇరుకైన జలపాతం వంటి వాటికి మాత్రం జనమే ప్రమాదం. అటువంటి వాటి ఫొటో పెట్టాలనుకుంటే కచ్చితమైన స్థానాన్ని జోడించకుండా, జిల్లా పేరుతో సరిపెట్టుకోవడం మర్యాద. అరుదైన జీవుల విషయంలో ఐనాచురలిస్ట్ కూడా కచ్చితమైన చోటును దానంతటదే మరుగుపరుస్తుంది.

బాటసారి:
పిల్లల ఆటస్థలాల గురించి ఒక్క మాట చెబితే నా ప్రశ్నలు పూర్తవుతాయి. పాతబడిన పరికరాలు ఉన్న చోట పిల్లలను ఆడనివ్వవచ్చా?

మెల్లగా:
పాతదనం కంటే కింద ఏమి పరిచారన్నది ముఖ్యం. ఆటస్థలాల్లో ఎక్కువ గాయాలు పడిపోవడం వల్లనే కలుగుతాయి. ఊయల కింద మందంగా ఇసుక గానీ చెక్క పొట్టు గానీ ఉంటే సరే, సిమెంటో గట్టిపడిన నేలో ఉంటే ఎత్తయిన పరికరాలను వదిలేయడం మంచిది. ఎండలో ఇనుప జారుడుబల్లతో పాటు రబ్బరు నేల కూడా చర్మం కాలేంత వేడెక్కుతుంది కనుక, ముందు మీ అరచేతిని ఆనించి చూడండి. పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం సురక్షితమని పెద్దలు అనుకుంటారు. నిజానికి పిల్ల కాలు బల్ల అంచుకు తగులుకుంటే, పెద్దవారి బరువుతో కలిసి జారుతున్నందున ఆగడం వీలుకాక ఎముక విరగవచ్చు. ఒంటరిగా జారలేని పిల్లకు ఆ జారుడుబల్ల ఎత్తు ఎక్కువైనట్లే. మెడ చుట్టూ తాళ్లు వేలాడే దుస్తులు, సైకిలు హెల్మెట్ తీసేసిన తరువాతే పరికరాలు ఎక్కనివ్వాలి, అవి సందుల్లో ఇరుక్కుంటాయి.

గొలుసు తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న ఊయల కనిపిస్తే ఫొటో తీసి, ప్రవేశద్వారం నుంచి అది ఎటువైపు ఉన్నదో ఒక వాక్యంలో రాసి పురపాలక కార్యాలయానికి పంపండి. ‘పార్కు అధ్వానంగా ఉంది’ అన్న ఫిర్యాదు మీద ఎవరూ కదలరు. ‘ఉత్తరపు గేటు పక్కన ఎడమవైపు ఊయల, కుడి గొలుసు పై కొక్కెం అరిగింది’ అంటే మరమ్మతు చేసేవారికి పని తేలికవుతుంది.

పిట్టగూడు:
దీనికి ఒకటి చేర్చుతాను. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటాన్ని ఎవరైనా సవరించవచ్చు. మీరు చూసి వచ్చిన పార్కులో బెంచీలు, తాగునీటి కుళాయి, మరుగుదొడ్డి, మెట్లు లేని దారి ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో గుర్తించండి. మొదట్లో బాటసారి గారు చెప్పిన ఆ పచ్చని మచ్చలో ఏముందో తరువాత వచ్చేవారికి అప్పుడు కనిపిస్తుంది. మరుగుదొడ్డిని గుర్తించేటప్పుడు అది తెరిచి ఉండే వేళలు కూడా రాయడం మరచిపోకండి. పచ్చిక గారికి ఎదురైన తాళం అటువంటిదే అయి ఉంటుంది.